మడమ కింద మెలనోమా: ఒకే రిపోర్టులో "స్థిరం", "అస్థిరం" రెండూ ఎందుకున్నాయి?

మీ ఇంటివాళ్లు ఎదురుచూస్తున్న జవాబు ముందు చెప్పేస్తాను. మీ నాన్నగారి మెలనోమా (చర్మంలోని రంగు కణాల్లో పుట్టే క్యాన్సర్) రిపోర్టులో రాసిన జన్యు మార్పులు ఆ కణితి లోపల పుట్టినవి. ఆయన ఒంట్లోని మిగతా కణాల్లో గానీ, మీలో గానీ, మీ చెల్లెలిలో గానీ అవి ఉన్నాయని ఆ కాగితం ఎక్కడా చెప్పడం లేదు. చెల్లెలి పెళ్లి మాటలు ఆపుకోవలసిన పని లేదు. పెళ్లివారికి ఆ కాగితం చూపించి సంజాయిషీ ఇచ్చుకోవలసిన పని అంతకన్నా లేదు.

కొత్తగా చదివేవాళ్ల కోసం విషయం క్లుప్తంగా: నరసన్నపేట దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకునే 61 ఏళ్ల పెద్దాయన. ఎడమ మడమ కింద నల్ల మచ్చ. తుమ్మముల్లు లోపల విరిగిందని కొన్నాళ్లు, ఆనెకాయ అని కొన్నాళ్లు గడిచిపోయాయి. పుండు పడ్డాక విశాఖపట్నంలో తీయించారు. బయాప్సీలో ఏక్రల్ లెంటిజినస్ మెలనోమా, అంటే అరికాలు, అరచేయి, గోళ్ల దగ్గర వచ్చే రకం అని తేలింది. మందం 2.6 మిల్లీమీటర్లు, పైన పుండు ఉంది. తరవాత చేయించిన జన్యు పరీక్షలో బీఆర్‌ఏఎఫ్, ఎన్‌రాస్, కిట్ జన్యువుల్లో మార్పులు లేవని, సీసీఎన్‌డీ1 కాపీలు పెరిగాయని, సీడీకేఎన్2ఏ పోయిందని, మ్యుటేషన్ల (డీఎన్ఏలో అక్షర మార్పుల) భారం తక్కువని, మైక్రోశాటిలైట్లు స్థిరమని రాశారు. అడుగున వ్యాఖ్యలో మాత్రం క్రోమోజోముల అస్థిరత ఎక్కువగా ఉందని ఉంది. పైన స్థిరమని, కింద అస్థిరమని రాస్తే దేన్ని నమ్మాలి, ల్యాబువాళ్లు పొరబడ్డారా, ఇది వంశంలో ఉన్న జబ్బా, ఎండలో పనిచేసినందుకు వచ్చిందా అన్నవి మీ ప్రశ్నలు. మైక్రోశాటిలైట్లు స్థిరంగా ఉంటే ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి పంపే చికిత్స) పనిచేయదని బంధువొకరు చెప్పారని కూడా రాశారు.

నేను విజయనగరంలో పాథాలజిస్టును. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి వచ్చే చర్మపు ముక్కలు చాలాకాలంగా చూస్తున్నాను. ల్యాబువాళ్లు పొరబడలేదు. ఆ రెండు వాక్యాలూ వేర్వేరు సంగతుల గురించి చెబుతున్నాయి, రెండూ నిజమే.

ప్రతి ఏడూ చేత్తో నకలు రాసే రోజుల్లో ఊరి అడంగల్ ఎలా పాడయ్యేదో మీ నాన్నగారి తరంవాళ్లకు తెలుసు. ఒక రకం నష్టం, రాసేవాడి చెయ్యి జారి పట్టాదారు పేరులో అక్షరమో, విస్తీర్ణంలో సెంటో మారిపోవడం. ఇంకో రకం, కుట్టు ఊడి కొన్ని పుటలు పోవడం, ఒకే పుట నాలుగైదుసార్లు నకలై కట్టలో చేరడం, ఒక సర్వే నంబరు ఉన్న సగం పుట పక్క ఊరి పుటకు అతుక్కోవడం. ఒక్క అక్షరం కూడా తప్పు పడని పుస్తకంలో కూడా పుటలు చెల్లాచెదురై ఉండవచ్చు. మీ నాన్నగారి కణితిలో జరిగింది ఈ రెండోది, అంటే డీఎన్ఏను మోసే క్రోమోజోముల ముక్కలు చెల్లాచెదురు కావడం. మైక్రోశాటిలైట్ పరీక్ష వెదికేది మొదటి రకాన్ని, అందులోనూ ఒకే ఒక్క తరహా పొరపాటును.

ఆ తరహా ఏమిటంటే, ఏ, సీ, జీ, టీ అనే నాలుగు రసాయన అక్షరాలతో రాసి ఉండే మన డీఎన్ఏలో ఒకే అక్షరమో, రెండు మూడు అక్షరాల ముక్కో వరసగా పదీ ఇరవైసార్లు తిరిగి వచ్చే చోట్లు వేలకొద్దీ ఉన్నాయి. వాటినే మైక్రోశాటిలైట్లు అంటారు. కణం విభజన చెందేటప్పుడు నకలు తీసే ఎంజైము ఇలాంటి చోట్ల తడబడి ఒకటి ఎక్కువో తక్కువో రాస్తుంది. దాన్ని సరిదిద్దడానికి ప్రత్యేకంగా ఒక మరమ్మతు వ్యవస్థ ఉంది. ఎమ్‌ఎల్‌హెచ్1, ఎమ్‌ఎస్‌హెచ్2, ఎమ్‌ఎస్‌హెచ్6, పీఎమ్‌ఎస్2 అనే నాలుగు జన్యువులు దానికి ముఖ్యం. అందులో ఒకటి పనిచేయడం మానేస్తే మైక్రోశాటిలైట్ల పొడవులు ఇష్టం వచ్చినట్టు మారిపోతాయి. పెద్దపేగు క్యాన్సర్లలో దాదాపు 15 శాతంలో ఇది కనిపిస్తుంది. ఆ పదిహేనులో కొన్ని లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య స్థితి వల్ల వస్తాయి. చర్మపు మెలనోమాలో మాత్రం ఈ మరమ్మతు వ్యవస్థ దెబ్బతినడం బాగా అరుదు.

1990లలో వచ్చిన కొన్ని అధ్యయనాల్లో మెలనోమాలోనూ మైక్రోశాటిలైట్ అస్థిరత చెప్పుకోదగ్గంతగా ఉందని రాశారు. ఇంటర్‌నెట్‌లో మీరు చదివినవి అవే అయి ఉంటాయి. అప్పట్లో పరీక్షించడానికి ఒక్కో ల్యాబు ఒక్కో మైక్రోశాటిలైట్ చోటును గుర్తుగా ఎంచుకునేది. 1997లో అమెరికాలోని బెథెస్డాలో నిపుణులు కూర్చుని అయిదు గుర్తులు ఖాయం చేశారు. అందులో కనీసం రెండిట్లో మార్పు ఉంటేనే ఎక్కువ అస్థిరత అనాలని, ఒక్కదానిలో ఉంటే తక్కువ అస్థిరత అనాలని తేల్చారు. పాత మెలనోమా లెక్కల్లో కనిపించేది ఎక్కువగా ఈ రెండో కోవదే. పైగా క్రోమోజోము ముక్కలు పోయిన కణితుల్లో కొన్ని రెండక్షరాల గుర్తులు చదవడమే కష్టం. ఒక కాపీ పోయిందా, పొడవు మారిందా అనేది బొమ్మ చూసి తేల్చడం అంత తేలిక కాదు. అందుకే ఆ పాత శాతాలను పట్టుకుని మీ నాన్నగారి రిపోర్టును అనుమానించకండి.

ఇప్పుడు రెండో రకం. 2003లో బోరిస్ బాస్టియన్ అనే చర్మ పాథాలజిస్టు, ఆయన సహచరులు 132 మెలనోమాలను, 54 మామూలు పుట్టుమచ్చలను తీసుకుని క్రోమోజోము ముక్కల లెక్క చూశారు. మెలనోమాల్లో 96 శాతంలో ఎక్కడో ఒకచోట ముక్కలు పోవడమో పెరగడమో జరిగింది. పుట్టుమచ్చల్లో 13 శాతంలోనే తేడా ఉంది. అదీ దాదాపు అన్నిట్లో ఒకే తేడా, 11వ క్రోమోజోము పొట్టి చెయ్యి (దాని పొట్టి భాగం) మొత్తంగా పెరగడం. అవి స్పిట్జ్ మచ్చలనే ఒక ప్రత్యేక జాతివి. కాబట్టి మీ రిపోర్టు అడుగున ఉన్న ఆ వాక్యం మీ నాన్నగారికి మాత్రమే పట్టిన వింత కాదు. కొంతో గొప్పో దాదాపు ప్రతి మెలనోమాలోనూ అది ఉంటుంది. నిజానికి మచ్చా, మెలనోమానా అని సూక్ష్మదర్శినిలో తేలనప్పుడు మేం ఆధారపడేది కూడా దాని మీదే. 6, 9, 11 క్రోమోజోముల మీద కొన్ని చోట్లకు రంగు వెలుగు గుర్తులు తగిలించి, ఒక్కో కణంలో ఎన్ని చుక్కలున్నాయో లెక్కపెడతారు.

అరికాలి మెలనోమాలో ఈ చెదిరిపోవడం ఇంకా ఎక్కువ. ఎండ తగిలే చోటి మెలనోమా దారి వేరు, అరికాలిది వేరు. ఇది ఒక్కటి అర్థమైతే మీ రిపోర్టులో ప్రతి పంక్తీ దానంతటదే అర్థమవుతుంది.

ఎండలోని అతినీలలోహిత కిరణాలు డీఎన్ఏలో పక్కపక్కనే ఉన్న రెండు సీ లేదా టీ అక్షరాలను ఒకదానికొకటి అతికిస్తాయి. మామూలుగా కణం ఆ ముక్కను కత్తిరించి కొత్తగా రాసుకుంటుంది. ఆ మరమ్మతు ఎలా జరుగుతుందో వివరించినందుకు అజీజ్ సాంజార్‌కు 2015లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది. అదే ఏడు ఆ బహుమతి పంచుకున్న పాల్ మోడ్రిచ్ పని, పైన నేను చెప్పిన నకలు పొరపాట్లను దిద్దే వ్యవస్థ మీదే. కత్తిరించే మరమ్మతు పుట్టుకతోనే లేని పిల్లలకు జెరోడెర్మా పిగ్మెంటోసమ్ అనే జబ్బు వస్తుంది. ఎండ పొడ పడితే చాలు, చిన్న వయసులోనే చర్మ క్యాన్సర్లు మొదలవుతాయి. మరమ్మతు బాగానే ఉన్నవాళ్లలో కూడా ఏళ్ల తరబడి ఎండలో కొన్ని అతుకులు మిగిలిపోయి సీ ఉన్నచోట టీ స్థిరపడుతుంది. 2010లో మొదటిసారి ల్యాబులో పెంచే ఒక మెలనోమా కణ వంశం మొత్తం జన్యురాశిని చదివినప్పుడు 33,345 అక్షర మార్పులు బయటపడ్డాయి. వాటిలో ఎక్కువ భాగం ఈ ఎండ ముద్ర ఉన్నవే. తెల్లవాళ్లలో, ముఖ్యంగా ఆస్ట్రేలియాలో, మెలనోమా అంటే ఇదే. అక్షరాల నష్టం అపారం, పుటల నష్టం దానికి తోడు.

అరికాలి చర్మం మందం. పైన గట్టి పొర ఎంతో లోతుగా ఉంటుంది, కిరణాలు రంగు కణాల దాకా చేరేది బహు కొద్ది. 2017లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 183 మెలనోమాల పూర్తి జన్యురాశులు చదివి పోల్చారు. అరికాలు, అరచేయి, శ్లేష్మపు పొరల్లో పుట్టినవాటిలో అక్షర మార్పులు తక్కువగా, ముక్కలు విరిగి అతుక్కోవడం ఎక్కువగా కనిపించింది. మీ రిపోర్టులో "మ్యుటేషన్ల భారం తక్కువ" అన్నదీ, "క్రోమోజోముల అస్థిరత ఎక్కువ" అన్నదీ కలిపి చదివితే అచ్చంగా అరికాలి మెలనోమా చిత్రం అదే. ఎండ ప్రశ్నకు కూడా జవాబు అందులోనే ఉంది. ఆయన ఎండలో పొలం పని చేసినందుకు మడమ కింద ఇది వచ్చిందని చెప్పడానికి ఆధారం లేదు.

మరి దేనివల్ల అంటారా? బరువు పడే చోట, అంటే మడమ, ముందరి పాదం, బయటి అంచు, అక్కడ ఈ కణితులు ఎక్కువగా కనిపిస్తాయని జపాన్ పరిశోధకులు 2016లో చూపించారు. ఒత్తిడికి కణ కేంద్రకం పొర చిట్లి డీఎన్ఏ దెబ్బతింటుందని ప్రయోగశాలలో కొంత ఆధారం కూడా ఉంది. అంతమాత్రాన చెప్పుల్లేకుండా నాట్లకు దిగినందుకే వచ్చిందని ఆయన్ను సాధించకండి. వంశధార కింద జీవితమంతా ఉత్తకాళ్లతో వరి నాటినవాళ్లు లక్షల్లో ఉన్నారు, ఈ జబ్బు వచ్చేది వాళ్లలో ఏ కొద్దిమందికో. ముల్లు గుచ్చుకుంటే మెలనోమా వస్తుందన్నమాటా నిలబడదు. ఉన్న మచ్చను జనం ముల్లు ఖాతాలో వేస్తారు, అంతే.

ఇక ఆ రెండు జన్యువుల సంగతి. కణం విభజనకు సిద్ధం కావాలా వద్దా అని తేల్చే చోట సైక్లిన్ డీ1 అనే ప్రొటీను ముందుకు తోస్తుంది, పీ16 అనే ప్రొటీను ఆపుతుంది. సీసీఎన్‌డీ1 మొదటిదాన్ని తయారుచేసే జన్యువు, 11వ క్రోమోజోము మీద ఉంటుంది. సీడీకేఎన్2ఏ రెండోదాన్ని తయారుచేస్తుంది, 9వ క్రోమోజోము పొట్టి చెయ్యి మీద ఉంటుంది. మీ నాన్నగారి కణితిలో తోసేవి పెరిగాయి, ఆపేది పోయింది. అంటే రెండు దెబ్బలూ ఒకే చోట తగిలాయి. పైగా సీడీకేఎన్2ఏ నుంచే పీ14 అనే ఇంకో ప్రొటీను కూడా వస్తుంది. డీఎన్ఏ చెడిన కణాన్ని ఆపి, అవసరమైతే చంపే పీ53ని కాపాడేది అదే. ఒక్క ముక్క ఊడిపోవడంతో ఇద్దరు కాపలాదారులు పోయారన్నమాట. ఇక ఆ తరవాత విరిగిన క్రోమోజోములున్న కణాలు కూడా ఆగకుండా విభజన చెందుతాయి, ప్రతి విభజనలోనూ ఇంకొంత విరుగుతాయి. క్రోమోజోముల కొసలు అరిగిపోయి ఒకదానికొకటి అతుక్కుంటాయి. కణం రెండుగా చీలేటప్పుడు ఆ అతుకు ఎక్కడో అక్కడ తెగుతుంది, తెగిన కొస మళ్లీ ఇంకోదానికి అతుక్కుంటుంది. కొన్ని జన్యువులు ఒక కణంలో పదుల కాపీలు పోగుపడటానికి ఒక కారణం ఇదే.

సీసీఎన్‌డీ1 పెరగడం గురించి ఇంకో మాట, ఎందుకంటే మీ సర్జన్ మళ్లీ కోయాలన్నారని మీరు విసుక్కున్నారు. అరికాలి మెలనోమాల అంచుల దాటి, సూక్ష్మదర్శినిలో ఏ లోపమూ కనిపించని చర్మంలో కూడా ఈ కాపీలు పెరిగిన రంగు కణాలు అక్కడక్కడా ఉంటాయని బాస్టియన్ బృందం 2000లోనే గుర్తించింది. నేను స్లైడులో చూసి "అంచు శుభ్రంగా ఉంది" అని రాసినా, ఆ అంచులో జన్యుపరంగా ఇప్పటికే తప్పిన కణం ఒకటి ఉండే వీలుంది. మందం 2 మిల్లీమీటర్లు దాటిన మెలనోమాకు చుట్టూ 2 సెంటీమీటర్ల చర్మం తీయాలన్న నియమం దీన్ని బట్టి పెట్టింది కాదు, అది పెద్ద పెద్ద శస్త్రచికిత్స ప్రయోగాల నుంచి వచ్చింది. అయినా కారణాల్లో ఇదొకటని తెలిస్తే మడమ మీద అంత కోతకు ఒప్పుకోవడం కొంచెం తేలిక అవుతుంది. మొదటి ఆపరేషనులో మచ్చ వరకే తీసి ఉంటే రెండోసారి వెడల్పుగా తీయడం, గజ్జల్లో మొదటి లింఫు గ్రంథిని (క్యాన్సర్ కణాలు పాకితే ముందు చేరే చోటు అది) పరీక్షకు తీయడం, రెండూ చేయించండి.

బీఆర్‌ఏఎఫ్ మార్పు లేదని రాస్తే అది మంచి వార్తో చెడ్డ వార్తో తెలియక చాలామంది తికమకపడతారు. రెండూ కాదు. 2002లో కనిపెట్టిన ఈ మార్పు చర్మపు మెలనోమాల్లో సుమారు సగంలో ఉంటుంది. మన ఒంటి మీదున్న మామూలు పుట్టుమచ్చల్లో ఎక్కువ వాటిలో కూడా ఇదే ఉంటుంది, అవి కొంత పెరిగి ఊరుకుంటాయి. కాబట్టి అది ఒక్కటే ఉన్నంత మాత్రాన క్యాన్సర్ కాదు, లేనంత మాత్రాన క్యాన్సర్ తీవ్రత తగ్గదు. ఉంటే దానికి మాత్రలున్నాయి, లేకపోతే ఆ మాత్రలు దండగ. ఆ పరీక్షకు విలువ అంతవరకే. అరికాలి మెలనోమాల్లో ఎలాగూ అయిదింట ఒకటికి మించి ఉండదు.

ఇమ్యునోథెరపీ గురించి మీ బంధువు చెప్పిన మాటకు మూలం నాకు తెలుసు. 2017లో అమెరికాలో, మైక్రోశాటిలైట్ అస్థిరత ఎక్కువగా ఉంటే ఏ అవయవపు క్యాన్సర్‌కైనా పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఇవ్వవచ్చని అనుమతించారు. అప్పటినుంచి ప్రతి జన్యు రిపోర్టులోనూ ఆ పంక్తి తప్పనిసరిగా వచ్చి కూర్చుంది. కానీ మెలనోమాకు అదే మందును 2014లోనే, మైక్రోశాటిలైట్లతో నిమిత్తం లేకుండా అనుమతించారు. ఆ పంక్తిలో "స్థిరం" అని ఉన్నందుకు మీ నాన్నగారికి తలుపు మూసుకోలేదు. అయితే ఇంకో నిజం కూడా చెప్పాలి. అక్షర మార్పులు ఎక్కువగా ఉన్న కణితిలో వింత ప్రొటీన్లు ఎక్కువ పుడతాయి, రోగనిరోధక కణాలు వాటిని పరాయివని తేలిగ్గా పోల్చుకుంటాయి. అరికాలి మెలనోమాలో అవి తక్కువ కాబట్టి, ఎండ మెలనోమాలో వచ్చినంత ఫలితం సగటున ఇక్కడ రాదు. సగటు మాట వేరు, మీ నాన్నగారి మాట వేరు. ఇవ్వాలా, ఎప్పుడు ఇవ్వాలి అన్నది గ్రంథి పరీక్ష వచ్చాక ఆంకాలజిస్టు తేల్చాలి.

రిపోర్టు చివర "ఉపయోగపడే అవకాశం ఉన్న మందులు" అని ఒక పట్టిక ఉండి ఉంటుంది. సీసీఎన్‌డీ1, సీడీకేఎన్2ఏ మార్పులున్నాయి కాబట్టి పాల్బోసిక్లిబ్ పేరు అందులో ఉంటుందని నా ఊహ. అది రొమ్ము క్యాన్సర్‌కు వాడే మాత్ర. అరికాలి మెలనోమాలో ఇంకా పరిశోధన దశ దాటలేదు. ఆ పట్టికను కంప్యూటర్ తయారుచేస్తుంది, మీ నాన్నగారిని చూసిన మనిషి కాదు. ఎవరో చెప్పారని మందుల షాపులో కొని మొదలుపెట్టకండి.

వంశం ప్రశ్నకు మళ్లీ వస్తాను. మెలనోమాల్లో పదింట ఒకటో, అంతకన్నా తక్కువో కుటుంబాల్లో కలిసి కనిపిస్తాయి. అలాంటి కుటుంబాల్లో అన్నిటికన్నా తరచుగా దొరికే జన్యువు ఇదే సీడీకేఎన్2ఏ. గూగుల్లో ఆ పేరు కొట్టగానే మీకు భయం పుట్టింది అందుకే. తేడా ఇది: ఆ కుటుంబాల్లో పుట్టుకతోనే ప్రతి కణంలో ఒక కాపీ చెడి ఉంటుంది, మీ నాన్నగారి కణితిలో ఆ ముక్క దారిలో ఊడిపోయింది. చెదురుమదురుగా వచ్చే మెలనోమాల్లో ఇలా పోవడం చాలా మామూలు. ఖచ్చితంగా తేల్చుకోవాలంటే కణితిని కాకుండా రక్తాన్ని పరీక్షించాలి. ఎవరికి అవసరం? కుటుంబంలో ఒకరికన్నా ఎక్కువమందికి మెలనోమా వచ్చినా, ఒకే మనిషికి వేర్వేరు చోట్ల వచ్చినా, మెలనోమాతో పాటు క్లోమం క్యాన్సర్ కూడా ఉన్నా ఆలోచించాలి. మీరు రాసిన దాంట్లో ఇవేవీ లేవు. డబ్బు దాచుకోండి.

ఇక ల్యాబు విషయం. మీరు నేరుగా అడగలేదు గానీ, ఈ రిపోర్టును ఎంతవరకు నమ్మవచ్చో తెలియాలంటే ఇది తెలియాలి. మెలనోమా ముక్క నుంచి డీఎన్ఏ తీస్తే చాలాసార్లు గొట్టంలోని ద్రవం తేటగా ఉండదు, గోధుమరంగు తిరిగి ఉంటుంది. ఆ రంగు చర్మానికి నలుపునిచ్చే మెలనిన్. నకళ్లు తీసే ఎంజైమును అది పనిచేయనివ్వదు. ద్రవాన్ని పలుచన చేయాలి, లేదా ఇంకోసారి వడగట్టాలి. అది చేయకుండా పరీక్ష నడిపితే "మార్పు కనబడలేదు" అన్న ఫలితం రావచ్చు, నిజానికి పరీక్షే సరిగా నడిచి ఉండదు. స్లైడు మీద రంగు వేసేటప్పుడూ ఇదే తంటా. మామూలుగా వాడే రంగు గోధుమ, మెలనిన్ కూడా గోధుమ. ఏది రంగో, ఏది రోగి చర్మంలోనిదో తెలియదు. అందుకే నల్లగా ఉన్న మెలనోమాలకు నేను ఎర్ర రంగే వేయిస్తాను.

ఫార్మలిన్‌తో వచ్చే చిక్కు ఇంకా గడుసుది. ముక్కను 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో వేసి, మూడు రోజులు దాటకుండా చూడాలి. వారాల తరబడి అందులోనే ఉండిపోతే డీఎన్ఏలో సీ అక్షరాలు చెడి పరీక్షలో టీలుగా కనిపిస్తాయి. సీ పోయి టీ రావడమే ఎండ ముద్ర కూడా! చెడిపోయిన ముక్కను పరీక్షిస్తే అరికాలి కణితికి కూడా ఎండ దెబ్బ తగిలినట్టు, మ్యుటేషన్లు ఎక్కువగా ఉన్నట్టు రిపోర్టు రావచ్చు. చిన్న ఊళ్లలో తీసిన ముక్క పాత ఇంజక్షను సీసాలో, నీళ్లు కలిపిన ఫార్మలిన్‌లో, కొన్నిసార్లు ఉత్త సెలైన్‌లో మా దగ్గరికి వస్తుంటుంది. అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మీ రిపోర్టులో మ్యుటేషన్ల భారం తక్కువగానే ఉంది కాబట్టి, ఈ రకం పొరపాటు జరిగిన జాడ లేదు.

ఇంకొకటి. కణితి అంతా ఒకే రకం కణాలు కావు. విరుగుడు, అతుకుడు సాగుతున్నంత కాలం కొత్త కొత్త శాఖలు పుడుతూనే ఉంటాయి. మడమ ముక్కలో ఒకటి, రేపు గజ్జల్లో బిళ్ల కడితే అందులో ఇంకొకటి ఉండవచ్చు. అలాంటిదేదైనా జరిగితే ఈ పాత రిపోర్టు మీదే చికిత్స నడపనివ్వకండి, కొత్త ముక్కను మళ్లీ పరీక్షకు పంపించమనండి.

మీ ఊళ్లో మిగతావాళ్ల గురించి అడిగారు కాబట్టి నాలుగు మాటలు. నల్లటి చేతులన్నీ మెలనోమా కాదు. పలాస వైపు జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్ల వేళ్లు తొక్కలోని నూనెకు కాలి నల్లగా ఉంటాయి. ఆ నలుపు రెండు చేతులకూ ఉంటుంది, పని మానితే పొర ఊడి పోతుంది. ముల్లు వల్లనో దెబ్బ వల్లనో గోటి కింద కమిలిన రక్తం కూడా గోరు పెరిగే కొద్దీ ముందుకు జరిగిపోతుంది. జరగకుండా అక్కడే ఉండి వెడల్పవుతున్న గోటి గీత, గోరు దాటి చుట్టూ చర్మంలోకి పాకిన నలుపు, అరికాల్లో ఒకే చోట అంచులు వంకరగా పెరుగుతున్న మచ్చ, నెలలు గడిచినా మానని "ఆనెకాయ", వీటిని చర్మవ్యాధుల డాక్టరుకు చూపించాలి. రంగు లేకుండా ఎర్రటి కండలా పెరిగే మెలనోమాలు కూడా ఉన్నాయి, వాటిని కనిపెట్టడం మాకే కష్టం. ఆసిడ్ పెట్టి కాల్చడం, బ్లేడుతో చెక్కడం మాత్రం ఎవరినీ చేయనివ్వకండి. అలా చెక్కిన ముక్క నా దగ్గరికి వస్తే మందం కొలవడానికి వీలుండదు, ఈ జబ్బులో సగం నిర్ణయాలు ఆ కొలత మీదే ఆధారపడతాయి.

వచ్చేసారి విశాఖ వెళ్లేటప్పుడు రిపోర్టులతో పాటు కణితి ముక్కలు పొదిగిన మైనపు బ్లాకులు, స్లైడులు కూడా అడిగి తీసుకోండి. సంతకం పెట్టించుకుని ఇస్తారు. జన్యు పరీక్షకు ఏ బ్లాకు పంపారో, అందులో కణితి కణాలు ఎంత శాతం ఉన్నాయో రిపోర్టులో ఉందో లేదో చూడండి. ఆ శాతం మరీ తక్కువైతే "కిట్ మార్పు లేదు" అన్న మాటను పూర్తిగా నమ్మలేం. కిట్‌లో మార్పున్న కొందరికి ఇమాటినిబ్ అనే మాత్ర పనిచేస్తుంది కాబట్టి ఇంకో బ్లాకుతో తిరగచేయించడం దండగ కాదు. రెండో అభిప్రాయం కావాలంటే అగనంపూడిలోని హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి టాటా మెమోరియల్ వాళ్లదే, ముంబై దాకా పోనక్కర్లేదు. ఏ చికిత్స ఎంతవరకు ఎన్టీఆర్ వైద్యసేవ కిందికి వస్తుందో మొదలుపెట్టక ముందే అక్కడి కౌంటరులో రాయించుకోండి.

మీ అమ్మగారి పుట్టిల్లు సోంపేట వైపని, నాన్నగారు చాలా ఏళ్లు అక్కడే కౌలుకు చేశారని రాశారు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో అన్నేళ్లు ఉన్నారంటే, స్కానింగుకు రంగు మందు ఎక్కించే ముందు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష) చూడమని మీరే గుర్తుచేయండి. హడావుడిలో ఆ ఒక్క ప్రశ్న అడగడం మరిచిపోతుంటారు.